కాపీ వాచీ చేతికొచ్చాక: లోపం ఎక్కడుందో పట్టుకోవడం, ఇంట్లోనే సరిచేసుకోవడం

నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ క్లాక్ టవర్ అంటే చాలు, ఊళ్లో ఎవరికైనా అడ్రస్ తెలిసిపోతుంది. ఆ చుట్టుపక్కల బజార్లలో వాచీ రిపేరు డబ్బాలు మాత్రం తగ్గిపోయాయి. ఉన్నవాళ్లు సెల్ మారుస్తారు, పట్టా వేస్తారు. ‘ఫస్ట్ కాపీ’ వాచీ, అంటే పేరున్న కంపెనీ వాచీకి నకలు, ఇస్తే మాత్రం చాలామంది తిరిగి చేతిలో పెడతారు. పనికి కూలి గిట్టదు, రేపు మళ్లీ ఆగిపోతే మాట వాళ్ల మీదికొస్తుంది. కంపెనీ సర్వీస్ సెంటర్ వాళ్లు కాపీని ముట్టరు. ఇక మిగిలింది మన ఇల్లు, మన టేబుల్.

ఒక సంగతి ముందే తెలిస్తే సగం పని తప్పుతుంది. కాపీ వాచీల్లో మెషీన్ చెడిపోవడం తక్కువ, బిగింపు చెడ్డగా ఉండడం ఎక్కువ. స్క్రూ వదులు, వాషర్‌కు (నీళ్లు ఆపే రబ్బరు రింగు) గ్రీజు లేకపోవడం, డయల్ మీద నూగు, ముల్లు వంకర, అయస్కాంతం పట్టడం: ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం వీటి దగ్గరే తేలుతుంది. ఇవన్నీ మెషీన్ విప్పకుండా సరయ్యేవే. మెషీన్ లోపలి పళ్లచక్రాల దాకా పోవాల్సి వస్తే మాత్రం, బాగుచేయడం కన్నా మెషీన్ మొత్తం మార్చడమే చవక.

ముందు మెషీన్ ఏదో తెలుసుకోండి

సెకన్ల ముల్లు సెకనుకొక్కసారి ఆగి కదిలితే క్వార్ట్జ్, అంటే సెల్ వాచీ. జారుతున్నట్టు పోతే ఆటోమేటిక్, అంటే సెల్ లేకుండా చేతి కదలికకే కీ ఎక్కేది. అది కూడా నిజంగా జారడం కాదు, చిన్న చిన్న అడుగులు. గంటకు 21,600 బీట్ల (టిక్కుల) మెషీన్‌లో సెకనుకు 6 అడుగులు, 28,800 మెషీన్‌లో 8.

చవక సెల్ వాచీల్లో తరచూ కనిపించేది జపాన్ కంపెనీ మియోటా చేసే 2035 మెషీన్, లేదా దాని చైనా నకలు. ఆటోమేటిక్‌లలో డీజీ2813 (ఇది మియోటా 8215 నమూనాలో చేసింది), సీకో ఎన్‌హెచ్35, స్విస్ మెషీన్ ఈటీఏ 2824కు చైనా నకళ్లు. మూడు చిన్న డయళ్లున్న క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచ్ ఉన్న వాచీ) అయితే షాంఘై 7750 కావచ్చు, ఒట్టి బొమ్మ డయళ్లూ కావచ్చు. పక్క బటన్ నొక్కితే ఏమీ కదలకపోతే అవి అలంకారానికి అతికించినవి. అది లోపం కాదు, ఆ వాచీ తయారైందే అలా. బాగుచేయడానికి అక్కడ ఏమీ లేదు.

లోపం కాకపోయినా లోపంలా కనిపించేవి మరికొన్ని ఉన్నాయి. డీజీ2813, 8215 మెషీన్లలో సెకన్ల ముల్లు ఒక్కోసారి తడబడి ఆగి, ముందుకు దూకుతుంది. ఆ ముల్లుకు శక్తి నేరుగా కాకుండా పక్క చక్రం నుంచి అందుతుంది కనుక అలా జరుగుతుంది, టైము మాత్రం తప్పదు. వీటిలో రోటర్ (చేయి కదిలితే తిరిగే బరువు పలక) ఒకవైపే కీ ఎక్కిస్తుంది, రెండోవైపు ఖాళీగా గిర్రున తిరుగుతూ చప్పుడు చేస్తుంది. చాలా 2813ల్లో కీ (వాచీ పక్కనుండే తిప్పే గుండీ) బయటికి లాగినా సెకన్ల ముల్లు ఆగదు, అది ఆ మెషీన్ తీరే.

టైము విషయంలోనూ ఆశకు ఒక హద్దు ఉండాలి. 2035కు కంపెనీ చెప్పే లెక్క నెలకు 20 సెకన్లు అటూ ఇటూ. ఎన్‌హెచ్35కైనా 8215కైనా రోజుకు 20 సెకన్లు వెనక నుంచి 40 సెకన్లు ముందు దాకా కంపెనీ లెక్కలోనే ఉంది. అసలు మెషీనే అంత తేడా చూపిస్తుంటే, రోజుకు 15 సెకన్లు ముందుకు పోయే నకలును విప్పడం దండగ.

విప్పకుండా చేసే పరీక్ష

వాచీ వచ్చిన రోజే ఇది చేసుకోవాలి. మూత తీశాక అమ్మినవాడు వెనక్కి తీసుకోడు.

కీ లాగి ముళ్లను మెల్లగా తిప్పి 12 దగ్గరికి తెండి. గంటల ముల్లు, నిమిషాల ముల్లు ఒకదానిమీద ఒకటి పడాలి. తరవాత 3, 6, 9 దగ్గర కూడా చూడండి. నిమిషాల ముల్లు సరిగ్గా 12 మీదున్నప్పుడు గంటల ముల్లు గుర్తుకు అటో ఇటో ఉంటే, ముల్లు తప్పు కోణంలో కొట్టారన్నమాట. ముళ్లు ఒకదానికొకటి రాసుకుంటున్నాయా అన్నది వాచీని పక్కనుంచి, కంటి ఎత్తులో పెట్టి చూస్తేనే తెలుస్తుంది. రోజూ ఒకే టైముకు ఆగిపోయే వాచీలో తరచుగా ఇదే రోగం.

తారీకు మార్చేటప్పుడు ఒక జాగ్రత్త: రాత్రి 9 నుంచి తెల్లవారుజామున 3 మధ్య ముళ్లు ఉన్నప్పుడు తారీకును కీతో జరపకూడదు. ఆ టైములో తారీకు చక్రం పళ్లు పట్టుకుని ఉంటాయి, బలవంతం చేస్తే పన్ను విరుగుతుంది. ముళ్లను 6 దగ్గరికి తెచ్చి అప్పుడు మార్చండి. పగలు 12కు తారీకు మారుతుంటే అది లోపం కాదు, టైము 12 గంటలు తప్పుగా పెట్టారంతే.

తేమ పరీక్షకు వాచీ కొంచెం వేడిగా ఉండాలి. మే నెలలో నల్లగొండలో దీనికి హెయిర్‌డ్రయర్ అక్కర్లేదు, చేతిమీద పెట్టుకుని బయటికి పోయొస్తే చాలు. వేడెక్కిన అద్దం మీద ఒక చల్లని నీటి చుక్క వేసి నిమిషం ఆగి తుడవండి. ఆ చుక్క ఉన్నచోట అద్దం లోపలివైపు మబ్బు పడితే లోపల తేమ ఉన్నట్టు.

చివరిగా, చైన్ లింకు లోపలివైపు లేదా మూత అంచు మీద ఎక్కడైనా రాసుకుపోయిన గీత ఉంటే చూడండి. పసుపురంగు తేలితే ఇత్తడి మీద పూత. అలాంటివి చెమటకు త్వరగా పొరలూడతాయి. పూత కింద నికెల్ ఉంటే కొందరికి మణికట్టు దగ్గర దురద, ఎర్రదద్దు వస్తాయి. వెనక మూత మీద పారదర్శక గోళ్ల రంగు రెండు పూతలు వేస్తే కొన్ని వారాలు ఆగుతుంది, తరవాత మళ్లీ వేయాలి. దద్దు తగ్గకపోతే ఆ వాచీ పక్కన పెట్టడమే మేలు.

సామాను

0.8, 1.0, 1.2, 1.4, 1.6 మి.మీ. స్క్రూడ్రైవర్లు. కొన సన్నగా ఉండే చిమటా ఒకటి, సెల్ కోసం ప్లాస్టిక్‌ది ఇంకొకటి. మూత లేపే చాకు. మర మూతకు రబ్బరు బంతి. గాలి ఊదే రబ్బరు బుడ్డి (నోటితో ఊదితే తుంపర పడి తుప్పు పడుతుంది). దుమ్ము ఎత్తే పచ్చని పుట్టీ. సిలికాన్ గ్రీజు చిన్న డబ్బా. కంటికి పెట్టుకునే భూతద్దం. వేళ్లకు రబ్బరు తొడుగులు.

ఫ్యాను ఆపండి. అంచులున్న పళ్లెంలో తెల్ల కాగితం పరిచి దానిమీద పని చేయండి, నేలమీద పాత దుప్పటి వేయండి. గచ్చు మీద పడిన పిన్ను ఎగిరి ఎటు పోయిందో దేవుడికే తెలియాలి. పిల్లలున్న ఇంట్లో బటన్ సెల్ ఒక్కటి కూడా బయట వదలొద్దు. మింగితే గంటల్లోనే ఆహారనాళం కాలిపోతుంది, అలా జరిగితే వెంటనే ఆస్పత్రికి పోవాలి.

మూత తీయడం

మూత మూడు రకాలు. నొక్కుడు మూత అంచున ఒకచోట చిన్న గాడి ఉంటుంది. అక్కడ చాకు పెట్టి, తోయకుండా మెలిపెట్టండి. తోస్తే చాకు జారి మెషీన్‌లోకి దిగుతుంది, మన బొటనవేలికైనా దిగుతుంది. మర మూతకు రబ్బరు బంతిని గట్టిగా అదిమి ఎడమకు తిప్పండి. బంతికి రాకపోతే గాడుల్లో పట్టే పానా కావాలి. నాలుగు స్క్రూల మూతకు స్క్రూలను ఎదురెదురుగా, తలా కొంచెం వదులు చేయాలి.

తీయగానే వాషర్ ఎలా కూర్చుందో ఫొటో తీసుకోండి. మూసేటప్పుడు సగం తప్పులు అక్కడే జరుగుతాయి. నొక్కుడు మూతకు కొన్నిటిలో కీ వచ్చేచోట చిన్న కోత ఉంటుంది, అది కీ ఎదురుగా రావాలి. మూత నొక్కేటప్పుడు అద్దం కింద ఏమీ ఆనకూడదు, కేస్ అంచు మాత్రమే ఆనాలి. మందపాటి ప్లాస్టిక్ రింగుగానీ, మెత్తని గుడ్డ చుట్టిన టేపు చుట్టగానీ కింద పెట్టి, పైనుంచి చెక్కముక్కతో రెండు బొటనవేళ్లతో అదిమితే చాలు. సుత్తి జోలికి పోకండి.

సెల్ వాచీ ఆగిపోతే

ముందు కీ పూర్తిగా లోపలికి ఉందో లేదో చూడండి. నవ్వొచ్చే మాటే, కానీ కొత్త వాచీలు కీ బయటికి లాగి ఉంచి అమ్ముతారు, చాలామంది దాన్నే ‘డెడ్ పీస్’ అనుకుంటారు.

2035కు పట్టేది ఎస్ఆర్626ఎస్‌డబ్ల్యూ. 6.8 మి.మీ. వెడల్పు, 2.6 మి.మీ. మందం, 1.55 వోల్టులు, దీన్నే 377 అని కూడా అంటారు. స్టేషనరీ షాపుల్లో పది సెల్స్ అట్ట మీద దొరికే ఏజీ4 కూడా కొలతకు సరిపోతుంది, కానీ అది ఆల్కలైన్. వోల్టేజి మెల్లగా పడిపోతూ పోతుంది, ఎండకాలంలో కారే గుణం ఎక్కువ. కారిన సెల్ మెషీన్‌ను తినేస్తుంది. కాపీ వాచీలో వచ్చిన మొదటి సెల్ తరచుగా ఇదే, అందుకే వాచీ బాగా నడుస్తున్నా దాన్ని ముందే మార్చడం మంచిది.

తీయడం ప్లాస్టిక్ చిమటాతోనే, ఇనుపదైతే రెండు ధ్రువాలూ కలుస్తాయి. కొత్తది రాత ఉన్న వైపు పైకి పెట్టి, పట్టీ కింద కూర్చోబెట్టండి. సెల్‌ను వేళ్లతో ముట్టుకోవద్దు. తెల్లని లేదా పచ్చని పొక్కులు కనిపిస్తే టూత్‌పిక్ కొనను తెల్ల వెనిగర్‌లో ముంచి ఆ చోట మాత్రమే తుడవండి, వెంటనే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మళ్లీ తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. సర్క్యూట్ పలక మీదికి వెనిగర్ పారకూడదు.

కొత్త సెల్ వేసినా కదలకపోతే మల్టీమీటర్‌తో సెల్ వోల్టేజి చూడండి. 1.5 దగ్గర ఉంటే సెల్ మంచిదే. తరవాత రాగితీగ చుట్టిన కాయిల్ రెండు కొసల మధ్య ఓమ్‌లు చూడండి. సాధారణంగా 1 నుంచి 3 కిలో ఓమ్‌ల మధ్య ఉంటుంది. ఏమీ చూపకపోతే వెంట్రుక కన్నా సన్నని ఆ తీగ ఎక్కడో తెగింది. స్క్రూడ్రైవర్ జారి తగిలిందంటే చాలు, తెగుతుంది. అప్పుడు మెషీన్ మార్చడమే. కాయిల్ మంచిదై ఉండి ముల్లు ఉన్నచోటే వణుకుతుంటే, పళ్లచక్రంలో నూగు చిక్కి ఉండొచ్చు, ముళ్లు రాసుకుంటూ ఉండొచ్చు, సెల్ బలహీనంగా అయినా ఉండొచ్చు.

కొన్ని మెషీన్లలో సెల్ అయిపోవస్తే సెకన్ల ముల్లు నాలుగేసి సెకన్లు ఒక్కసారి దూకుతుంది. అది హెచ్చరిక, సెల్ మారిస్తే సరిపోతుంది. నిజంగా పనిచేసే క్రోనోగ్రాఫ్‌లో పెద్ద సెకన్ల ముల్లు 12కు తిరిగి రాకపోతే, కీని చివరిదాకా లాగి పై బటన్ ఒక్కొక్కసారి నొక్కండి, ఒక్కో అడుగు కదులుతుంది. 12కు వచ్చాక కీ లోపలికి నెట్టండి.

ఆటోమేటిక్ ముందుకు పరుగెత్తితే

నిన్నటిదాకా బాగున్న వాచీ ఉన్నట్టుండి రోజుకు ఐదు, పది నిమిషాలు ముందుకు పోతోందంటే మొదట అనుమానించాల్సింది అయస్కాంతాన్ని. ఫోన్ స్పీకరు, ట్యాబ్ కవరు, బ్యాగు బటన్, ఇంట్లో సౌండ్ బాక్స్ ఏదైనా చాలు. ఊగే చక్రాన్ని నడిపే సన్నని చుట్ట స్ప్రింగ్, అంటే హెయిర్‌స్ప్రింగ్, చుట్లు ఒకదానికొకటి అంటుకుని స్ప్రింగ్ పొట్టిదైపోయినట్టు పనిచేస్తుంది, అందుకే వేగం పెరుగుతుంది. దిక్సూచి పక్కన వాచీ పెట్టి మెల్లగా తిప్పండి. సూది వాచీ వెంట ఊగితే అయస్కాంతం పట్టినట్టే. ఆన్‌లైన్‌లో దొరికే నీలం డబ్బా డీమాగ్నటైజర్ (అయస్కాంతం వదిలించే పరికరం) మీద వాచీ పెట్టి, బటన్ నొక్కి ఉంచి, వాచీని మెల్లగా నిటారుగా మూడడుగుల దూరం ఎత్తి, అప్పుడు బటన్ వదలండి. దగ్గరుండగా వదిలితే మళ్లీ పట్టుకుంటుంది. మూత తీయాల్సిన పనే లేదు.

అయస్కాంతం కాదని తేలితే కీతో 30 నుంచి 40 చుట్లు తిప్పి పూర్తిగా ఎక్కించండి. టిక్ టిక్ వినే ఫోన్ యాప్‌తోగానీ, 24 గంటలు చూసిగానీ తేడా రాసుకోండి. తరవాత మూత తీస్తే ఊగే చక్రం మీద రెండు చిన్న చేతులు కనిపిస్తాయి. హెయిర్‌స్ప్రింగ్ బయటి కొసను బిగించి పట్టుకున్న చేతిని కదపొద్దు, అది టిక్కులు సమానంగా పడడం కోసం. రెండోది, స్ప్రింగ్‌ను రెండు పిన్నుల మధ్య నుంచి పోనిచ్చేది, వేగం కోసం. దాన్ని ప్లస్ వైపు జరిపితే వేగం పెరుగుతుంది, మైనస్ వైపు జరిపితే తగ్గుతుంది. ఇనుప పనిముట్టు కాకుండా టూత్‌పిక్ కొన వాడండి. వెంట్రుక మందం జరిపినా రోజుకు పదుల సెకన్ల తేడా వస్తుంది. ఒకసారి జరిపి, ఒక రోజు ఆగి చూడండి. ఒక్క పూటలో ఐదుసార్లు జరిపితే ఎక్కడ మొదలుపెట్టామో మరిచిపోతాం.

రోటర్ గలగలమంటే లేదా కేస్‌కు రాసుకుంటే మధ్య స్క్రూ వదులై ఉంటుంది. ఇది కాపీల్లో మామూలు. స్క్రూ తలకు సరిపోయే కొన వాడి, వేలి కొసల బలంతో మాత్రమే బిగించండి. మెషీన్‌ను కేస్‌కు పట్టి ఉంచే రెండు క్లాంపు స్క్రూలూ అప్పుడే చూసుకోండి. కొన్ని 2813ల్లో ఒకటి అసలు ఉండదు, లోపల ఎక్కడో దొర్లుతూ ఉంటుంది. వాచీ ఊపితే చప్పుడొచ్చి మధ్యమధ్య ఆగుతుంటే ఆ స్క్రూను వెతికి తీయండి.

7750 కాపీల్లో సెకన్ల చిన్న డయల్ అసలు ఉండాల్సిన 9 దగ్గర కాకుండా 6 దగ్గర ఉంటే, లోపల అదనపు చక్రాలు కలిపారు. బరువు పెరిగి ఆ చక్రాలు త్వరగా అరుగుతాయి. బటన్లు పదేపదే నొక్కకుండా ఉంటేనే అది ఎక్కువ కాలం నడుస్తుంది.

డయల్ మీద నూగు, ముల్లు సమస్య

ఇక్కడ చేయి అలవాటు లేనివాళ్లు తొందరపడొద్దు. కీ బయటికి తీయాలంటే కీ కడ్డీ పక్కన మెషీన్ మీద చిన్న గుంట లేదా బాణం గుర్తు ఉంటుంది. అక్కడ సన్నని కొనతో మెల్లగా నొక్కి, రెండో చేత్తో కీ లాగితే వచ్చేస్తుంది. లోతుగా నొక్కితే లోపలి లివర్ గాడి తప్పుతుంది. కీ మళ్లీ పట్టుకోదు, ముళ్లూ డయలూ ఊడదీస్తేగానీ దారికి రాదు. రాకపోతే బలం పెంచకుండా, గుంట అదేనా అని మళ్లీ చూసుకోండి.

మెషీన్ బయటికొచ్చాక నూగును పచ్చ పుట్టీతో అద్దితే చాలు, రుద్దితే డయల్ మీది అచ్చు లేచిపోతుంది. ముల్లు తీయాలంటే డయల్ మీద ముక్కలు కోసిన ప్లాస్టిక్ కవరు పరిచి, రెండు వైపులా సమానంగా లేపండి. కొత్త ముల్లు తెప్పించేటప్పుడు రంధ్రం కొలత చూడాలి. గంటలు, నిమిషాలు, సెకన్లు వరుసగా ఈటీఏ 2824 రకానికి 1.50, 0.90, 0.25 మి.మీ., ఎన్‌హెచ్35కు 1.50, 0.90, 0.20. సెకన్ల ముల్లులో తేడా 0.05 మాత్రమే, కానీ బలవంతంగా కొడితే కడ్డీ వంగుతుంది. పెట్టేటప్పుడు ముందు తారీకు మారే క్షణం దాకా తిప్పి, గంటల, నిమిషాల ముళ్లు రెండూ 12 మీద పెట్టండి.

డయల్ ఊగుతుంటే సూపర్ గ్లూ వద్దు. దాని ఆవిరి డయల్ మీదా అద్దం మీదా తెల్లని పొరలా పడుతుంది, అది పోదు. డయల్ కోసం అమ్మే అంటు చుక్కలు వాడండి. అద్దానికీ అంతే, యూవీ జిగురు గానీ వాచీ అద్దాల జిగురు గానీ.

నీళ్లు

మూత మీద 30 ఏటీఎం (నీటి ఒత్తిడి కొలత) అని చెక్కినా, 300 మీటర్లని రాసినా నమ్మొద్దు. పంపు కింద చేతులు కడగడానికి కూడా పరీక్ష చేశాకే నమ్మాలి.

పాత వాషర్ తీసి లోపలి వ్యాసం, మందం కొలవండి. మందం సాధారణంగా 0.4 నుంచి 1 మి.మీ. మధ్య. అదే కొలత కొత్తది తెచ్చి, వేళ్ల మధ్య సిలికాన్ గ్రీజు పలచగా రాసి మెరిసేలా చేయండి. ముద్దగా ఉంటే నూగు పడుతుంది. కీ గొట్టం లోపలి చిన్న రింగుకూ ఒక చుక్క. నీళ్లు ఎక్కువగా దూరేది వెనక మూత నుంచి కాదు, ఈ కీ దగ్గర్నుంచే.

పరీక్షకు మెషీన్ తీసేసిన ఖాళీ కేస్‌లో టిష్యూ ముక్క పెట్టి, కీ యథాస్థానంలో బిగించి, మూత వేసి, చేయి ఓర్చుకునే వేడినీళ్లున్న గ్లాసులో ముంచండి. లోపలి గాలి వ్యాకోచించి లీకున్న చోట బుడగలు వరుసగా వస్తాయి. పది నిమిషాల తరవాత తుడిచి తెరిస్తే టిష్యూ పొడిగా ఉండాలి. ఇది చేతులు కడుక్కోవడానికి, వానకు సరిపోయే పరీక్ష. ఈతకు కాదు.

ఇప్పటికే మబ్బు పడితే బియ్యం డబ్బాలో పెట్టడం వల్ల ఒరిగేది తక్కువ, పైగా పిండి దూరుతుంది. మూత తీసి సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో ఒకటి రెండు రోజులు ఉంచండి. ఎండలో పెడితే తేమ డయల్ మీదికే చేరుతుంది.

చైన్, పిన్నులు

లింకులు తీసేటప్పుడు లోపలివైపున్న బాణం దిక్కుకే పిన్ను కొట్టాలి, తిరిగి పెట్టేటప్పుడు బాణానికి ఎదురుగా. రెండువైపులా సమానంగా తీయండి, బేసి సంఖ్య అయితే 6 వైపు ఒకటి ఎక్కువ తీయండి. పిన్ను వదులుగా జారుతుంటే మధ్యలో చాలా కొంచెం వంచితే పట్టుకుంటుంది. స్క్రూ లింకులకు తీసేయగలిగే రకం థ్రెడ్ లాకర్ (మర వదులు కాకుండా పట్టే జిగురు) చుక్కలో సగం చాలు.

కేస్‌కు చైన్‌ను పట్టి ఉంచే స్ప్రింగ్ పిన్నులు కాపీ వాచీలో అన్నింటికన్నా నాసి వస్తువు. కేస్ కొమ్ముల (చైన్ తగిలించే చోటు) మధ్య వెడల్పు (18, 20, 22 మి.మీ.) కొలిచి, మంచివి వేయండి. వాచీ నేలమీద పడి పోయేది ఇక్కడే, మెషీన్ ఎంత బాగున్నా.

మన దగ్గర బోరు నీళ్లతో కడిగితే లింకుల సందుల్లో తెల్లని ఉప్పు పేరుకుంటుంది. చైన్‌ను విడిగా తీసి, గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి పది నిమిషాలు నానబెట్టి, పాత బ్రష్‌తో రుద్ది, చివర ఆర్‌వో నీళ్లతో కడిగి ఆరబెట్టండి.

అద్దం గీతలు చివరి మాట. ప్లాస్టిక్ అద్దమైతే పాలిష్ పేస్టుతో పోతాయి. మినరల్ గ్లాస్ మీద ఎంత రుద్దినా పోవు, అదే వ్యాసం కొత్త అద్దం తెప్పించాలి. కొలతలో 0.1 మి.మీ. తేడా వచ్చినా కూర్చోదు.

మార్చాలా, వదలాలా

కాయిల్ తెగినా, తారీకు పళ్లు విరిగినా, నీళ్లు చేరి చక్రాలు తుప్పుపట్టినా కొత్త మెషీన్ వేయండి. 2035 చవక, ఎన్‌హెచ్35 అంతకన్నా చాలా ఎక్కువ. కొనేముందు పాత మెషీన్ వ్యాసం, డయల్ కాళ్ల (డయల్ వెనకున్న చిన్న కడ్డీల) స్థానం, కీ కడ్డీ ఎత్తు, తారీకు కిటికీ 3 దగ్గరా 6 దగ్గరా అన్నవి సరిపోల్చండి. కొత్త మెషీన్‌తో వచ్చే కీ కడ్డీ పొడుగ్గా ఉంటుంది, పాతదాని పక్కన పెట్టి కొలిచి, కొంచెం ఎక్కువే ఉంచి కోసి, ఆకురాయితో తగ్గించుకుంటూ రండి. ఒక్కసారిగా కోస్తే పొట్టిదైపోతుంది.

బాగైన వాచీని ‘ఒరిజినల్’ అని ఇంకొకరికి అమ్మడం మాత్రం వేరే సంగతి. ట్రేడ్ మార్క్స్ చట్టం, 1999లోని 104వ సెక్షన్ కింద నకిలీ గుర్తున్న సరుకు అమ్మితే 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా ఉంది.

తీసేసిన పాత మెషీన్‌ను పారేయకండి. క్లాంపు స్క్రూలు, రోటర్ స్క్రూ, కీ కడ్డీ, తారీకు చక్రం విడిగా బజార్లో తేలిగ్గా దొరకవు. మందుల ఖాళీ డబ్బాలో మెషీన్ నంబరు రాసి పెట్టుకుంటే, వచ్చేసారి అదే రకం వాచీకి ఆ డబ్బాలోంచే తీస్తారు.